కదిలే ఊరు, రాసిపెట్టే చేయి

2025 జూన్‌లో టువాలు దేశంలో ఒక లాటరీ మొదలైంది. పసిఫిక్‌లో తొమ్మిది చిన్న దీవుల దేశమది. జనాభా పది, పదకొండు వేలు. ఆస్ట్రేలియాతో 2023 నవంబరులో కుదిరి, 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చిన ఫలేపిలి ఒప్పందం ప్రకారం ఏటా 280 మంది టువాలు పౌరులు ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడొచ్చు. చేతిలో ఉద్యోగం ఉండనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండాలి, పేరు నమోదు చేసుకోవాలి, లాటరీ తగలాలి. జూలై మధ్యలో గడువు ముగిసేసరికి కుటుంబసభ్యులతో కలిపి 8,750 పేర్లు చేరాయి.

దేశానికి దేశమే బయల్దేరిందన్నట్టు వార్తలొచ్చాయి. కానీ ఆ లాటరీలో దేశమూ లేదు, దీవీ లేదు, వంశమూ లేదు. ఒక మనిషి, ఆ మనిషికి భార్యో భర్తో, పిల్లలు. అంతే. ఇందులో ఆస్ట్రేలియా దుర్మార్గమేమీ లేదు. ఏ దేశపు వలసల శాఖకైనా లెక్కకు అందేది మనిషే. చిక్కేమిటంటే, టువాలులో భూమిని పెద్ద కుటుంబమంతా కలిసి అనుభవిస్తుంది. ఎవరు ఎవరికి ఏమవుతారన్నదే ఆస్తి, అదే హోదా, అదే అన్నం. లాటరీ దాన్ని చూడలేదు.

వాతావరణ మార్పు వల్ల ఆదివాసులు ఊళ్లు వదలడం గురించి వస్తున్న రాతల్లో ఎక్కువ భాగం నీళ్ల లెక్కలే. సముద్రం ఎన్ని అంగుళాలు పెరుగుతుంది, ఎంతమంది కదులుతారు, ఎన్ని కోట్లు కావాలి. నిఘా గురించిన రాతలు వేరే అరలో ఉంటాయి: ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలు, సరిహద్దు టవర్లు, డ్రోన్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకొకటి తేటపడింది. చోటు మారినంత మాత్రాన ఊరు చెదిరిపోదు. వెళ్లేవాళ్ల జాబితా ఎవరు రాస్తున్నారు, అందులో ఎవరిని ఒక యూనిట్‌గా లెక్కిస్తున్నారు అన్నదాన్ని బట్టి అది నిలుస్తుంది లేదా విడిపోతుంది.

కదలడం ఈ ప్రజలకు కొత్త కాదు. ఒక్కచోట కట్టిపడేయడమే కొత్త. అలాస్కాలో యూపిక్ ప్రజలు చేపలనూ వేటనూ బట్టి ఏడాదిలో చోట్లు మార్చుకుంటూ బతికినవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ప్రభుత్వం బడి కట్టింది. కట్టుబడి సామాను తెచ్చే ఓడ ఎంతవరకు రాగలదో అక్కడే కట్టింది. పిల్లల్ని బడికి పంపక తప్పదు కనుక పెద్దలూ అక్కడే స్థిరపడ్డారు. అలా ఏర్పడ్డ న్యూటాక్ ఊరి కింద గడ్డకట్టి ఉండాల్సిన నేల కరిగింది, నింగ్లిక్ నది గట్టును కోసుకుంటూ వచ్చింది. కొత్త చోటు కోసం 1990లలో మొదలైన ప్రయత్నానికి 2003లో భూమి దొరికింది. మెర్తార్విక్ అనే ఆ కొత్త ఊరికి తొలి కుటుంబాలు 2019లో చేరాయి, చివరివాళ్లు 2024లో. ముప్పై ఏళ్లు. దీన్ని ఒట్టి వాతావరణ విపత్తుగా చెప్పడం సగం కథ. నది జరిగినప్పుడు తామూ జరిగే వీలును ముందే పోగొట్టుకున్న ఊరది.

నిఘా కూడా అంతే, భవిష్యత్తులో రాబోయేది కాదు. 1941లో కెనడా ప్రభుత్వం ఇన్యూట్ ప్రజలకు బిళ్లలు పంచింది. మెడలో వేసుకునే చిన్న గుండ్రటి బిళ్ల, తూర్పు వాళ్లకు ఒక అక్షరం, పడమటి వాళ్లకు ఒక అక్షరం, పక్కన ఒక అంకె. ఇంటిపేర్లు లేని జనాన్ని ఆఫీసు కాగితాల్లో ఇమిడ్చే పద్ధతి అది. 1970ల దాకా నడిచింది. మధ్యలో, 1953లోనూ 1955లోనూ, ఇనుక్జువాక్ అనే ఊరి నుంచి కొన్ని ఇన్యూట్ కుటుంబాలను రెండు వేల కిలోమీటర్ల ఉత్తరాన ధ్రువ దీవులకు తరలించారు. అక్కడ వేట బాగుంటుందన్నారు, రెండేళ్ల తర్వాత తిరిగి రావచ్చన్నారు. అందరూ ఒకేచోట ఉండరని, వేరువేరు చోట్ల దింపుతారని ఓడ ఎక్కాక తెలిసింది. రెండేళ్ల మాట నిలబడలేదు. 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

మనకు ఇది దూరపు కథ కాదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఎలా పుట్టిందో చూడండి. ఎరుకలు ఉప్పూ ధాన్యమూ పశువుల మీద వేసుకుని తీరానికీ మెట్టకూ మధ్య తిరిగిన వర్తకులు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి, కరువులు వరసగా కొట్టి, ముఖ్యంగా 1876-78 నాటి ధాత కరువు, వాళ్ల దారులన్నీ మూసుకుపోయాయని చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ వివరంగా చూపించారు. అప్పటికే 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఉంది. 1911 నాటికి అది మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైంది, కొద్ది ఏళ్లకే సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికింద స్టూవర్టుపురం వెలిసింది. హాజరు పట్టీ, బయటికెళ్తే అనుమతి చీటీ, పోలీసు కన్ను. వానలు తప్పి, బతుకుదెరువు పోయి, తిరుగుతున్న ఒక సమూహాన్ని జాబితాలో ఎక్కించి ఒకచోట కూర్చోబెట్టారు. దాన్ని ఎవరూ వాతావరణ వలస అనలేదు. ఆ మాట అప్పటికింకా పుట్టలేదు.

అందుకే ఆదివాసీ రచయితలు భవిష్యత్తు కథలు రాస్తే అవి హెచ్చరికల్లా ఉండవు, జ్ఞాపకాల్లా ఉంటాయి. పొటవాటమీ తత్త్వవేత్త కైల్ వైట్ చాలాకాలంగా చెబుతున్నదిదే: మిగతా ప్రపంచం రాబోతోందని భయపడుతున్న నాశనాన్ని తమవాళ్లు ఇప్పటికే దాటి బతుకుతున్నారని. గ్రేస్ డిలన్ 2012లో తెచ్చిన ఇలాంటి కథల సంకలనం తర్వాత ఈ సాహిత్యానికి ఒక గుర్తింపు వచ్చింది. షెరీ డిమలీన్ నవల ‘ద మ్యారో థీవ్స్’ (2017)లో, వాతావరణం చెడిపోయిన లోకంలో కలలు కనగలిగేది ఆదివాసులే, వాళ్ల మూలుగ కోసం మిగతావాళ్లు వాళ్లను వేటాడుతుంటారు. డానిస్ గూలే సినిమా ‘నైట్ రైడర్స్’ (2021)లో పిల్లల్ని ఎత్తుకుపోయే రాజ్యం, పైన డ్రోన్లు. రెండింటికీ మూలం, ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి పెట్టిన కెనడా వసతి బడులే. నా మటుకు నాకు వీటన్నిటికంటే లోతైనది అలెక్సిస్ రైట్ ‘ద స్వాన్ బుక్’ (2013). సైన్యం కాపలాలో ఉన్న ఆస్ట్రేలియా మూలవాసుల శిబిరానికి ఉత్తర దేశాల నుంచి ఒక తెల్ల ముసలామె వాతావరణ శరణార్థిగా వచ్చి చేరుతుంది. ఎవరు ఎవరికి అతిథి అన్న లెక్క తలకిందులవుతుంది. చదవడం తేలిక కాదు, వాక్యాలు తిరిగి తిరిగి వస్తాయి. అయినా ఈ విషయం మీద ఒక్క పుస్తకమే చదవగలిగినవాళ్లకు నేను దాన్నే ఇస్తాను.

ఇక నిజంగా జరిగిన తరలింపులు. అన్నిటిలోకీ ఆగి చూడాల్సింది అమెరికాలో లూసియానా తీరాన ఉన్న ఐల్ డి జాన్ చార్ల్స్. 1830లో అమెరికా ఆదివాసులను మిసిసిపీకి పడమటికి తరిమే చట్టం చేసినప్పుడు, కొందరు చోక్టా తదితర తెగలవాళ్లు తప్పించుకుని ఈ చిత్తడి దీవిలో తలదాచుకున్నారు. అక్కడికి ఎవరూ రారు, ఎవరూ లెక్కపెట్టరు. జాబితాలో లేకపోవడమే వాళ్లకు రక్ష అయింది. తర్వాత చమురు కంపెనీలు చిత్తడిలో కాలువలు తవ్వాయి, మిసిసిపీ కరకట్టలు ఒండ్రు రాకుండా ఆపాయి, తుపానులు, సముద్రం. 22 వేల ఎకరాల దీవి ఇప్పుడు 320 ఎకరాలు. 1955 నుంచి నూటికి 98 వంతులు పోయింది. తీరానికి కడుతున్న కొత్త కరకట్ట గీతకు దీవి అవతల పడింది.

2016లో కేంద్ర ప్రభుత్వం ఈ తరలింపుకు 4 కోట్ల 83 లక్షల డాలర్లు ఇచ్చింది. దేశపు తొలి వాతావరణ శరణార్థులంటూ ప్రపంచమంతా రాశారు. తెగ అడిగింది వేరు. ఏళ్ల తరబడి వరదలకు ఇల్లు వదిలి చుట్టుపక్కల ఊళ్లకు చెదిరిపోయినవాళ్లను మళ్లీ ఒకచోటికి చేర్చే ఊరు కావాలంది. డబ్బు మాత్రం లూసియానా రాష్ట్రం చేతికి వచ్చింది. రాష్ట్రానికి తెగ అన్నది లబ్ధిదారు కాదు, దీవిలో నివాసం రుజువు చేసుకోగల కుటుంబమే లబ్ధిదారు. చెదిరిపోయినవాళ్లను కలపడానికి పెట్టిన పథకం అర్హతల పట్టికగా మారింది. ఉత్తరాన నలభై మైళ్ల దూరంలో కట్టిన ఇళ్లలోకి 2022 ఆగస్టులో తొలి కుటుంబాలు చేరాయి. తమను పక్కన పెట్టారంటూ తెగ 2023 డిసెంబరులో కేంద్ర గృహనిర్మాణ శాఖకు పౌరహక్కుల ఫిర్యాదు పెట్టింది.

ఇందులో మింగుడుపడని విషయం ఇంకొకటుంది. ఆ తెగకు రాష్ట్ర గుర్తింపు ఉంది, కేంద్ర గుర్తింపు లేదు. అది కావాలంటే తరతరాల వంశావళి కాగితాలూ, సమూహంగా ఎడతెగకుండా ఉన్నామన్న ఆధారాలూ చూపాలి. దాక్కున్నందుకే బతికారు. దాక్కున్నందుకే కాగితాలు లేవు. 2020లో లూసియానాలోని నాలుగు తెగలు అలాస్కాలోని కివలీనాతో కలిసి ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధులకు విన్నవించుకున్నప్పుడు వాళ్లడిగినవాటిలో ఈ గుర్తింపు కూడా ఒకటి.

పనామాలో గర్డి సుగ్దుబ్ దీవి దీనికి పక్కన పెట్టి చూడదగ్గది. గూనా ప్రజలు 1925లో తిరగబడి తమ భూభాగం మీద అదుపు తెచ్చుకున్నారు, 1938లో దానికి చట్టరూపం వచ్చింది. 2010లో ఊరే కూర్చుని కదలాలని నిర్ణయించుకుంది, వెళ్లాల్సిన చోటు ఎదురుగా ఉన్న తమ సొంత భూమే. ప్రభుత్వం ఇళ్లు కట్టడానికి పద్నాలుగేళ్లు పట్టింది. 2024 జూన్‌లో సుమారు 300 కుటుంబాలకు తాళాలిచ్చారు. వరసగా నిలబెట్టిన చిన్న చిన్న సిమెంటు ఇళ్లు, గాలి ఆడే తాటాకు ఇళ్లలో పెరిగినవాళ్లకు ఉక్కపోత. సముద్రం నడిచి వెళ్లే దూరమైంది. ఇవన్నీ నిజమైన ఫిర్యాదులే. అయినా ఊరి సభ చెదరలేదు, ఎవరు గూనా ఎవరు కాదు అన్నది పనామా నగరంలో తేలలేదు. కొందరు దీవిలోనే ఉండిపోయారు, దాన్ని నేరంగా చూసినవాళ్లు లేరు. పాపువా న్యూగినీలో కార్టెరెట్ దీవులవాళ్లు పెద్దల సభ మాటమీద 2006లో సొంత సంస్థ పెట్టుకుని, చర్చి ఇచ్చిన భూమికి కొన్ని కుటుంబాలను పంపారు. ఫిజీలో వునిదొగొలొవా గ్రామం 2014లో తమ భూమిలోనే రెండు కిలోమీటర్ల లోపలికి జరిగింది. ఇవి చిన్నవి, నిధులు అంతంతమాత్రం. కానీ పేర్లు రాసింది ఊరే.

ఊరుగా కదిలే భాగ్యం అందరికీ ఉండదు. గ్వాతెమాలా కొండల్లో మాయా రైతులు ఒక్కొక్కరుగా, ఇద్దరు ముగ్గురుగా బయల్దేరుతారు. కాఫీ తోటలకు తెగులు, వానలు తప్పిన మొక్కజొన్న, 2020 నవంబరులో రెండు వారాల తేడాతో వచ్చిన ఎటా, ఐయోటా తుపానులు. కెహా గ్రామం మీద కొండచరియ పడి ఊరే మట్టిలో కలిసింది. 1951 శరణార్థుల ఒప్పందంలో వాన, కరువు కారణాలుగా లేవు. కిరిబాటి పౌరుడు ఐవానే టెయిటియోటా న్యూజీలాండ్ మీద వేసిన కేసులో ఐరాస మానవహక్కుల కమిటీ 2020 జనవరిలో వెలువరించిన నిర్ణయం ఒక తలుపు కాస్త తెరిచింది. వాతావరణం వల్ల ప్రాణానికి ముప్పు ఉన్నచోటికి మనిషిని తిప్పి పంపడం హక్కుల భంగం కావచ్చంది. ఆయన మాత్రం ఓడిపోయాడు.

అమెరికా సరిహద్దులో ఆశ్రయం అడగడానికి 2023 జనవరి నుంచి ఫోన్ యాప్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సి వచ్చింది. సీబీపీ వన్ అనే ఆ యాప్ ఇంగ్లిష్, స్పానిష్, హైతీ క్రియోల్ భాషల్లోనే మాట్లాడేది. మామ్, కెక్చి వంటి మాయా భాషలు మాట్లాడేవాళ్లు తమ గోడును మూడో మనిషి ద్వారా రెండో భాషలో టైపు చేయాలి, పైగా ముఖం ఫొటో తీసుకోవాలి. నల్లటి ముఖాలను అది సరిగా పట్టడం లేదని ఫిర్యాదులొచ్చాయి. 2025 జనవరి 20న ఆ అపాయింట్‌మెంట్లన్నీ ఒక్క దెబ్బతో రద్దయ్యాయి. అదే యాప్‌ను పేరు మార్చి, స్వచ్ఛందంగా దేశం వదిలి పోతున్నామని చెప్పుకోవడానికి వాడమన్నారు. లోపలికి రావడానికి రాసిన పేరు బయటికి పంపడానికీ పనికొస్తుంది. జాబితాకు గుర్తు ఉంటుంది, మాట ఉండదు.

వాళ్లు దాటే ఎడారిలో కొంత భాగం టొహోనో ఓధమ్ జాతి సొంత నేల. పంతొమ్మిదో శతాబ్దపు నడుమ అమెరికా, మెక్సికోలు గీసిన గీత వాళ్ల ఊళ్ల మధ్యగా పోయింది. 2019లో వాళ్ల శాసనసభ తమ భూమిలో కెమెరాలూ రాడార్లూ ఉన్న నిఘా టవర్లకు ఒప్పుకుంది. చుట్టాల ఇంటికి వెళ్లాలన్నా సరిహద్దు ఏజెంట్లు ఆపుతున్నారని విసిగిన జనం అక్కడే ఉన్నారు. ఒప్పుకున్న నాయకులూ ఆ జాతివాళ్లే. ఒక ఆదివాసీ నేల మీద నిలబడ్డ కన్ను ఇంకో ఆదివాసీ కోసం వెతుకుతోంది.

నిఘా మనుషుల మధ్య బంధాన్ని ఎలా తెంచుతుందో ఉపన్యాసాల్లో కంటే ఉత్తరాఖండ్ అడవిలో బాగా కనిపిస్తుంది. కార్బెట్ పులుల అభయారణ్యం చుట్టుపక్కల కేంబ్రిడ్జ్ పరిశోధకుడు త్రిశాంత్ సిమ్లాయ్ చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. జంతువుల కోసం పెట్టిన కెమెరాలూ డ్రోన్లూ కట్టెలకూ గడ్డికీ వెళ్లే ఆడవాళ్లను పట్టుకున్నాయి. ఇంటి గొడవల నుంచీ మగవాళ్ల నోటి నుంచీ తప్పించుకుని వాళ్లు ఊపిరి పీల్చుకునేది ఆ అడవిలోనే. పులీ ఏనుగూ దూరంగా పోవాలని గట్టిగా పాటలు పాడుకుంటూ తిరిగేవాళ్లు. కెమెరాలు వచ్చాక పాట తగ్గింది. కెమెరా లేని, తెలియని లోపలి అడవికి వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ పులి ఉంటుంది.

దీనికి ఎదురుగా పెట్టగలిగినవీ ఉన్నాయి. మెక్సికోలోని వహాకా కొండల్లో తలెయా అనే జపోటెక్ ఊరికి పెద్ద సెల్‌ఫోన్ కంపెనీలు టవర్ వేయలేదు, లాభం రాదన్నాయి. ఊరి సభ తీర్మానం చేసి 2013లో సొంత నెట్‌వర్క్ పెట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్లు అదే దారి పట్టాయి. 2016లో ఆదివాసీ సమూహాల సంస్థకు లైసెన్సు వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో గిన్నెలు కడిగే కొడుకుతో తల్లి నాలుగు డబ్బుల్లో మాట్లాడగలిగింది. ఆ నగరంలోనే సియేలో అనే సంస్థ ఆదివాసీ భాషల దుబాసీలను ఆసుపత్రులకూ కోర్టులకూ పంపుతోంది. కెనడా మూలజాతులు 1998లోనే నాలుగు షరతులు రాసుకున్నాయి: మా సమాచారం మాది, అదుపు మాది, చూసే హక్కు మాది, దాచేది మా దగ్గరే. టువాలు 2022లో తమ దేశానికి డిజిటల్ ప్రతి తయారు చేస్తామని ప్రకటించి, టెయాఫువాలికు అనే చిన్న దీవితో మొదలుపెట్టింది. దీవుల్ని త్రీడీలో స్కాన్ చేసింది. దాని మీద నాకు అంత నమ్మకం లేదు. ఆ ప్రతి ఎవరి సర్వర్లలో ఉంటుందన్నది ఒక ప్రశ్న అయితే, ఫలేపిలి ఒప్పందంలోనే వేరే దేశాలతో భద్రతా ఏర్పాట్లకు ఆస్ట్రేలియా అంగీకారం కావాలన్న నాలుగో అధికరణం ఇంకో ప్రశ్న. వీసాతో పాటు కాపలా కూడా వచ్చింది.

ఊరు రాసుకున్న జాబితా అయితే అంతా మంచే అని అనుకోవడం కూడా పొరపాటే. అమెరికాలో శాంటా క్లారా ప్యూబ్లో తెగ, బయటివాణ్ణి పెళ్లాడిన ఆడవాళ్ల పిల్లలకు సభ్యత్వం ఇవ్వలేదు. మగవాళ్ల పిల్లలకు ఆ అడ్డు లేదు. 1978లో సుప్రీంకోర్టు, తెగ తన సభ్యుల్ని తానే తేల్చుకోవచ్చంది. స్వయంపాలనకు ఆ తీర్పు అండ. ఆ తల్లులకు మాత్రం కాదు. ఊరి సభలో ఎవరి గొంతు వినిపిస్తుందో అడగకుండా ఊరికి పెత్తనం ఇమ్మంటే సరిపోదు.

తెలుగు నేల మీద ఈ జాబితాలు ఇప్పటికే పనిచేస్తున్నాయి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి అడవుల్లోకి వచ్చిన గుత్తికోయలు తమ సొంత రాష్ట్రంలో షెడ్యూల్డ్ తెగ. ఆ జాబితా రాష్ట్రం రాష్ట్రానికీ వేరు కనుక ఇక్కడికొచ్చాక ఆ గుర్తింపు వెంట రాలేదు. అటవీ హక్కుల చట్టానికి కటాఫ్ 2005 డిసెంబరు 13. దాని తర్వాత కొట్టిన పోడుకు పట్టా రాదు. వాళ్లు తుపాకుల మధ్య నుంచి పారిపోయి వచ్చారు, రేపు వానలు తప్పి వచ్చేవాళ్లకూ ఇదే తేదీ, ఇదే రాష్ట్ర సరిహద్దు అడ్డం.

పోలవరం ప్రాజెక్టు ముంపు జాబితాకు మీటర్లున్నాయి. మొదటి దశ 41.15 మీటర్ల కాంటూరు వరకు, ఆ పైన 45.72 వరకు తర్వాతి దశ. కోయలూ కొండరెడ్లూ ఉండే గూడేల్లో ఏ ఇల్లు ఏ గీత కిందికి వస్తుందో దాన్ని బట్టి పునరావాసం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాల్లో మొదటి జాబితాలో లేని ఊళ్లూ మునిగాయి. మమ్మల్ని కూడా 41.15లో చేర్చమని జనం అడిగారు. సర్వే నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఈలోగా పెళ్లిళ్లయి పిల్లల తల్లిదండ్రులయ్యారు, వాళ్లను వేరే కుటుంబంగా రాయమని ఇంకో గొడవ. గూడెం మొత్తాన్ని ఒకేచోటికి పంపాలా, ఇంటింటినీ విడివిడిగా లెక్కగట్టాలా అన్నది ఆఫీసులో తేలుతోంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందూ, పునరావాసం కల్పించే ముందూ గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని పీసా చట్టం 1996 నుంచే చెబుతోంది. కదిలేవాళ్ల జాబితా రాయడం మొదలుపెట్టాల్సింది ఆ గ్రామసభలో.